పెరట్లో ఫైర్ పిట్: ఎక్కడ పెట్టాలి, ఏం కాల్చాలి, ఎలా ఆర్పాలి

మీరు చెప్పినదాన్ని బట్టి ఇంటి వెనక కాస్త ఖాళీ స్థలం ఉంది, రెండున్నర అడుగుల వెడల్పున్న ఇనుప ఫైర్ పిట్ (ఆరుబయట కట్టెలు వేసి మంట వేసుకునే పెద్ద కుంపటి లాంటిది) కొన్నారు, ఇంట్లో ఐదేళ్ల పాప ఉంది, ఒక కుక్క కూడా ఉంది. మూడు విషయాలు అడిగారు: పిట్ ఎక్కడ పెట్టాలి, అందులో ఏం కాల్చొచ్చు, పడుకోబోయే ముందు ఇసుక పోసి కప్పేస్తే చాలా అని.

మూడోదానికే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. చాలదు. ఇసుక పోస్తే మంట కనబడకుండా పోతుంది గానీ నిప్పు చావదు. పైగా దుప్పటి కప్పినట్టు వేడినంతా లోపలే పట్టి ఉంచుతుంది. పొద్దున్నే పాప లేచి వట్టి కాళ్లతో వెళ్లి ఆ ఇసుక మీద అడుగు వేసిందంటే అరికాలు కాలిపోతుంది. నేను ఇరవై రెండేళ్లు ఫైర్ సర్వీసులో పనిచేశాను. పెరటి మంటల దగ్గర పిల్లలు కాల్చుకున్న సంఘటనల్లో నాకు గుర్తున్నవి చాలావరకు మంట భగభగమంటున్నప్పుడు జరిగినవి కావు. అప్పుడు అందరి కళ్లూ పిల్లల మీదే ఉంటాయి. అవి తెల్లారాక, పెద్దవాళ్లు ఇంకా పక్క దిగకముందు జరిగినవి.

‘నివురు గప్పిన నిప్పు’ అని మాటవరసకు వాడేస్తుంటాం. ఒకసారి దాన్ని నిజంగా చూడండి. రాత్రి మంట తగ్గాక ఒక బొగ్గును పొడవాటి పట్టకారుతో పిట్‌లోనే ఒక పక్కకు జరపండి. కాసేపటికి దాని మీద సన్నటి నూగులా బూడిద పొర కట్టుకుంటుంది. టార్చి వేసి చూస్తే చల్లారిన బొగ్గుకూ దానికీ తేడా తెలీదు. టార్చి ఆర్పేసి, దూరం నుంచి విసనకర్రతో ఒక్కసారి విసరండి. పొర లేచిపోయి లోపల ఎర్రగా మెరుస్తుంది. చీకట్లో కంటికి ఎరుపు కనబడుతోందంటే దాని వేడి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాటిందని అర్థం. పగటి వెలుగులో ఆ కాస్త ఎరుపు కూడా తెలీదు. ఆ బూడిద పొరే లోపలి వేడి బయటికి పోకుండా కాపాడుతుంది, గాలి బాగా తగలకుండా చూసి బొగ్గు తొందరగా కాలిపోకుండా ఆపుతుంది. అందుకే నిప్పు రోజుల తరబడి బతుకుతుంది.

ఇది నాకు ఉద్యోగంలో తెలిసిందనుకుంటే పొరపాటు, మా ఇంట్లోనే తెలిసింది. శనివారం రాత్రి మంట వేసుకున్నాం. సోమవారం సాయంత్రం బూడిద ఎత్తి ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, తోట సామాన్లు పెట్టుకునే చిన్న షెడ్డులో పెట్టాను. చెయ్యి పెట్టి చూస్తే పైన చల్లగానే ఉంది. రెండు గంటల తర్వాత ఏదో రబ్బరు కాలుతున్న కంపు వచ్చింది. వెళ్లి చూస్తే బకెట్ అడుగు కరిగి సిమెంటు నేలకు అతుక్కుని ఉంది, మధ్యలో ఉసిరికాయంత బొగ్గు ఎర్రగా ఉంది. పక్కనే గడ్డి కోసే మెషీన్, దానికి పోసే పెట్రోలు డబ్బా. ఊళ్లోవాళ్లందరికీ జాగ్రత్తలు చెప్పే మనిషిని, నా షెడ్డు నేనే తగలబెట్టుకోబోయాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో బూడిదకు మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బా ఒకటి విడిగా ఉంది. దాని సంగతి మళ్లీ చెప్తాను.

ఇక ఆర్పడం ఎలాగో చూద్దాం. లోపలికి వెళ్దామనుకున్న సమయానికి గంట ముందే కట్టెలు వేయడం ఆపేయండి. ‘ఇంకొక్క దుంగ’ అనే మాట దగ్గరే అందరూ జారిపోతారు. పదకొండింటికి వేసిన లావు దుంగ ఒంటిగంటకి కూడా సగమే కాలుతుంది, దాని కోసం ఎవరూ మేలుకుని ఉండరు. మంట తగ్గి నిప్పులు మిగిలాక, పొడవు కర్ర ఉన్న పారతో వాటిని పిట్ అంతా పలచగా పరచండి. కుప్పగా ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి అందుతూ ఉంటుంది, విడదీస్తే వాటంతటవే నీరసిస్తాయి. అప్పుడు నీళ్లు పోయండి. బకెట్ ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించొద్దు. ఆవిరి గుప్పున లేచి ముఖాన్ని, చేతుల్ని కాల్చేస్తుంది, దాంతోపాటు వేడి బూడిద కూడా చిమ్ముతుంది. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, చెయ్యి చాపి, పూలమొక్కలకు నీళ్లు పోసే జల్లెడ డబ్బాతోనో, పైపు చివర తుంపర పడేలా పెట్టో మెల్లిగా తడపండి. సుయ్ సుయ్ మంటూ శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆగాక పారతో అడుగుదాకా కలియబెట్టండి. మళ్లీ శబ్దం వస్తే మళ్లీ నీళ్లు. బూడిద పలచటి బురదలా అయ్యేదాకా ఇదే పని. సగం కాలిన కట్టెలుంటే పార మొనతో తిరగేసి అడుగు భాగం కూడా తడపాలి, నిప్పు దాక్కునేది అక్కడే.

అయిపోయిందో లేదో చూడడానికి కళ్లను నమ్మొద్దు. అరచెయ్యి తిప్పి, వెనక వైపును బూడిదకు జానెడు ఎత్తులో పెట్టండి. సెగ తెలియకపోతే ఇంకాస్త దించండి. చివరికి పారతో కొంచెం పైకి తీసి ముట్టుకోగలిగేంత చల్లగా ఉంటేనే ఆరినట్టు. చెయ్యి వెనక వైపు ఎందుకంటే అక్కడ చర్మం పలచన, వేడి ముందే తెలుస్తుంది. ఒకవేళ కాలినా వేళ్లు, అరచెయ్యి పనికొస్తాయి.

ఒక చిక్కుంది. మీది ఇనుప పిట్ కాబట్టి బాగా కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పోస్తే రేకు వంకర పోవచ్చు, పెయింటు పెచ్చులు లేవొచ్చు. మట్టితోనో, సిమెంటుతోనో, పోత ఇనుముతోనో చేసినవైతే పగిలిపోవచ్చు కూడా. అందుకే ఆ గంట ఆగమన్నాను. నిప్పులు నీరసించాక తుంపరగా పోస్తే ఇనుపదానికి పెద్దగా ఏం కాదు. కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితంలో నీళ్లు పోయొద్దని రాసి ఉంటే చిల్లుల్లేని మూత పెట్టి గాలి ఆపండి. అయితే పూర్తిగా చల్లారిందని తేలేదాకా పాపనూ కుక్కనూ పెరట్లోకి వదలొద్దు. ఎత్తిన బూడిదను డబ్బాలో నీళ్లతో తడపండి. రేకు పాడైతే పాడైంది, అనుమానంగా ఉంటే నీళ్లే పోయమంటాను నేను.

చల్లారిందనుకున్న బూడిదను కూడా మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోసి, ఇంటికీ షెడ్డుకీ కనీసం పదడుగుల దూరంలో, రాయి మీదో మట్టి నేల మీదో ఉంచండి. చెక్క అరుగు మీద, వరండాలో వద్దు. అట్టపెట్టె, చెత్త సంచి అసలే వద్దు. బూడిదలో నిప్పు నాలుగు రోజుల దాకా బతికి ఉండగలదు. ఆ లెక్కన వారం ఆగి పారేయడం నాకు అలవాటైంది. చెత్త బండిలో అంటుకున్న మంటను ఆర్పడానికి నేను వెళ్లాను. ఎవరింటి బూడిదో కూడా తేలలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఎక్కడ పెట్టాలి. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అని ఒక నమూనా నిబంధనావళి ఉంది. అందులో సరదాకి నేల మీద వేసుకునే మంటకు, ఏ కట్టడానికైనా మధ్య 25 అడుగులు, అమ్మకానికి దొరికే కదిపే పిట్‌లకు 15 అడుగులు ఉండాలని ఉంది. కట్టెల కుప్ప వెడల్పు 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు మించకూడదని కూడా. మీరున్న చోట నిబంధన ఇంతకంటే కఠినంగా ఉండొచ్చు, పెరట్లో మంటే కూడదనీ ఉండొచ్చు, వానల్లేని నెలల్లో మాత్రమే నిషేధం ఉండొచ్చు. స్థానిక ఫైర్ స్టేషన్‌కు ఒక ఫోన్ చేస్తే చెప్పేస్తారు. కట్టడం అంటే ఇల్లు ఒక్కటే అనుకోకండి. చెక్క కంచె, షెడ్డు, కారు, బట్టలారేసే తీగ, ఎండిన పొద, పక్కింటివాళ్ల పందిరి, అన్నీ లెక్కే.

పైకి కూడా చూడండి. చాలామంది నేల మీద టేపు పట్టుకుని కొలుస్తారు గానీ తలెత్తి చూడరు. చెట్టు కొమ్మ, షామియానా, గొడుగు, కరెంటు తీగ ఏదీ పిట్‌కు నిలువునా పైన ఉండకూడదు. పచ్చటి కొమ్మే కదా అనుకుంటారు. నాలుగు రాత్రులు కింద నుంచి సెగ తగిలితే ఆ ఆకులు ఎండి కరకరలాడతాయి, ఐదో రాత్రి ఒక్క రవ్వ చాలు. పైకప్పు ఉన్న వరండాలో, గ్యారేజీలో, టెంటులో అసలు వద్దు. దాని కారణం వేరే, కింద చెప్తాను.

గోడ మూలకు పెడితే గాలి ఉండదు కదా అని కొందరు అడుగుతారు. నిజానికి రెండు గోడలు కలిసే మూలలో గాలి సుడి తిరుగుతుంది. పొగ ఎటు పోతుందో, రవ్వ ఎటు లేస్తుందో ఊహించలేం. నలువైపులా విడిగా, మనిషి చుట్టూ తిరగగలిగేలా ఉన్న చోటే మంచిది.

కింద నేల సంగతి. గడ్డి మీద నేరుగా పెట్టొద్దు, చెక్క డెక్ మీద అంతకన్నా వద్దు. పిట్ కాళ్లు ఆరంగుళాల ఎత్తున్నాయని కొందరు ధీమాగా ఉంటారు. ఆ ఇనుప పళ్లెం అడుగు నుంచి కిందికి దిగే సెగ కొన్ని గంటల్లో చెక్కను ఎండబెట్టి, నల్లబరిచి, చివరికి రాజేస్తుంది. సిమెంటు నేల మీద నేరుగా మంట వేస్తే లోపలి తేమ ఆవిరై పెచ్చులు ఎగిరిపడతాయి. నాలుగడుగుల వెడల్పున మట్టి చదును చేసి, గడ్డి వేళ్లతో సహా తీసేసి, పైన నాలుగంగుళాల మందాన కంకర పరిస్తే చాలు. ఖర్చు తక్కువ, వాననీరు ఇంకుతుంది, కిందపడ్డ నిప్పు అక్కడే ఆరిపోతుంది. చెట్టు వేళ్లు పైకి తేలిన చోటు, ఆకులు కుళ్లి మెత్తగా ఉన్న నేల వదిలేయండి. అలాంటి నేలలో నిప్పు భూమి కిందే మెల్లిగా పాకి, రోజుల తర్వాత ఇంకోచోట లేస్తుంది.

గుంట తవ్వి కట్టుకోవాలని తర్వాతెప్పుడైనా అనిపిస్తే, తవ్వే ముందు కింద ఏముందో కనుక్కోండి. గ్యాస్ పైపు, కరెంటు కేబులు, సెప్టిక్ ట్యాంకు ఇవి మూడూ ముఖ్యం. సెప్టిక్ ట్యాంకులో మీథేన్ తయారవుతుంది, అది మండే వాయువు. దాని మూత దగ్గర, గాలిగొట్టం దగ్గర నిప్పు పెట్టే పని లేదు. కట్టుబడికి వాగులో దొరికే నున్నటి గుండ్రాళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, ఏళ్ల తరబడి నీళ్లలో నానినవి కాబట్టి సందుల్లో తేమ ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే మామూలు ఒత్తిడి దగ్గర దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. దారి దొరక్కపోతే రాయి బాంబులా పేలుతుంది. లోపలి వరసకు ఫర్నేసుల్లో వాడే అగ్ని ఇటుక వాడాలి. బయటి వరస మీ ఇష్టం.

ఏం కాల్చాలి? ఎండు కట్టె, అంతే. ఎండు అంటే చెట్టు మీదే ఎండింది కాదు, నరికి, చీల్చి, పైన మాత్రం కప్పు ఉండి పక్కల గాలి ఆడేలా పేర్చి, కనీసం ఆరు నెలలు, గట్టి చేవ కట్టె అయితే ఏడాది పైన ఉంచింది. తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లు మరిగించడానికే వేడంతా పోతుంది, మిగిలేది పొగ. ఇంతకీ ఎండిందో లేదో తెలుసుకోడానికి మీటర్ కొనాల్సిన పనిలేదు. రెండు కట్టెలు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవైతే టంగుమని మోగుతాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. కోసిన చివర్న చక్రం ఆకుల్లా పగుళ్లు ఉంటాయి, బెరడు గోటితో లాగితే ఊడి వస్తుంది, సైజుకి తగ్గ బరువు ఉండదు. కట్టె పొడవు పిట్ వెడల్పులో ముప్పాతికకు మించకూడదు. మీ రెండున్నర అడుగుల దానికి ఇరవై అంగుళాల కట్టె చాలు. అంచు దాటి బయటికొచ్చిన కొరివి సగం కాలాక ఎటు దొర్లుతుందో చెప్పలేం.

కాల్చకూడనివి చాలా ఉన్నాయి. రంగు వేసిన, వార్నిష్ పూసిన చెక్క, ప్లైవుడ్, పార్టికల్ బోర్డు వద్దు, వాటిలోని జిగురు విషపు పొగ ఇస్తుంది. చెదలు పట్టకుండా మందు పట్టించిన పాత కలపలో రాగి, క్రోమియంతో పాటు ఆర్సెనిక్ కూడా ఉండేది. అది కాలితే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో ఉంటుంది, ఆ బూడిదే మీరు పూలమొక్కలకు వేస్తారు. ప్లాస్టిక్ గురించి చెప్పక్కర్లేదు. పీవీసీ పైపు ముక్క కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గొంతు పట్టేస్తుంది. తోటలో కొట్టేసిన గన్నేరు కొమ్మలు కూడా వేయొద్దు, ఆ చెట్టులో ఏ భాగమైనా విషమే, పొగ కూడా. స్ప్రే డబ్బాలు, బ్యాటరీలు, లైటర్లు పేలతాయి. ఎండుటాకులు, అట్టముక్కలు విషం కాదు గానీ, తేలిక. కాలుతూనే పైకి లేచి, పక్కింటి పైకప్పు మీద దిగుతాయి. పిట్ మీద పెట్టే ఇనుప జల్లెడ మూత మీ సెట్‌లో వచ్చే ఉంటుంది, కట్టె వేసేటప్పుడు తప్ప అది తీయొద్దు.

వెలిగించేది మామూలుగా వెలిగించండి. కింద రెండు మూడు లావు కట్టెలు సందు వదిలి పరచండి, వాటికి అడ్డంగా సన్నవి, పైన చితుకులు, చివర కాస్త కాగితం లేదా మైనం పట్టించిన రంపపు పొట్టు. పై నుంచి ముట్టించండి. తలకిందులుగా ఉందే అనిపిస్తుంది గానీ, మంట పైనుంచి కిందికి దిగుతుంటే కింది కట్టె వదిలే పొగ ఆ మంటలోంచే పోవాలి, చాలావరకు అక్కడే కాలిపోతుంది. పది నిమిషాల్లో తేడా మీకే తెలుస్తుంది. కట్టెలు రాత్రంతా పిట్‌లోనే పేర్చి ఉంచితే, ముట్టించే ముందు తీసి మళ్లీ పేర్చండి. కప్పో తొండో పామో దూరి ఉండొచ్చు.

పెట్రోలు పొయ్యడం కొరివితో తల గోక్కోవడమే. పెట్రోలు అగ్గిపుల్ల ముట్టించిన చోట మాత్రమే అంటుకుంటుందనుకోకండి. అది దాదాపు మైనస్ 43 డిగ్రీల దగ్గర కూడా మండే ఆవిరి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేలబారుగా పాకి మీ కాళ్ల దాకా వస్తుంది. మీరు పోసి, మూత బిగించి, అగ్గిపెట్టె వెతుక్కునే లోపల మీరు నిలబడ్డ చోటంతా మండడానికి తయారై ఉంటుంది. ఆరిపోయిందనుకుని రెండోసారి పోసేవాళ్లే ఎక్కువ కాలతారు. కిరోసిన్ ఇంత దురుసు కాకపోయినా వేడి నిప్పుల మీద పోస్తే అదీ అంతే.

దీనికి అన్నలాంటిది ఇంకోటి, టేబుల్ మీద పెట్టుకునే బుల్లి ఆల్కహాల్ పిట్. చూడ్డానికి దీపంలా అమాయకంగా ఉంటుంది. స్పిరిట్ మంట వెలుతురులో దాదాపు కనబడదు, ఆరిపోయిందనుకుని సీసాతో పోస్తారు, మంట ధారను పట్టుకుని సీసాలోకి దూరుతుంది, సీసా ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదికి మంటను చిమ్ముతుంది. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2024 డిసెంబరులో, ఇలా ద్రవ ఇంధనం పోసి వాడే పిట్‌లను కొనొద్దు, ఉన్నా వాడడం ఆపేయండి అని హెచ్చరించింది. 2019 నుంచి అప్పటికి రెండు మరణాలు, కనీసం 60 మందికి గాయాలు తన దృష్టికి వచ్చాయని చెప్పింది. మీరు వాటి గురించి అడగలేదు, కానీ ఎవరో ఒకరు బహుమతిగా తెచ్చిస్తారు, అందుకే చెప్పాను.

గాలి ఎంత ఉంటే మంట వేయకూడదు? ఫోన్‌లో చూడొచ్చు గానీ నేను చెట్టును చూస్తాను. ఆకులతో పాటు సన్న రెమ్మలు కూడా ఆగకుండా కదులుతున్నాయంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉంది. నేనైతే అక్కడే ఆగిపోతాను. నేల మీది దుమ్ము, కాగితాలు లేస్తున్నాయంటే 20 దాటింది, అప్పుడు జల్లెడ మూత ఉన్నా వద్దు. ఎండలు ముదిరి గడ్డి పసుపు రంగులోకి మారిన రోజుల్లో గాలి లేకపోయినా మానుకోండి.

నీళ్లు ముందే దగ్గర పెట్టుకోవాలి. మంట మీద పడ్డాక పైపు వెతుక్కోవడం కుదరదు. కుళాయి తిప్పి, పైపులో నీళ్లు నిండి, చివర నాజిల్ మాత్రం మూసి ఉండాలి. పైపు లేకపోతే రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక, పార. ఇసుక ఉన్నది గడ్డిలోకి పడ్డ నిప్పు మీద గబుక్కున వేయడానికి, రాత్రి చివర్న కప్పెట్టడానికి కాదు. మంటలార్పే పొడి మందు సిలిండర్ ఇంట్లో ఉంటే మంచిదే, కానీ నిప్పుల మీద దగ్గరగా కొడితే ఆ ఒత్తిడికి నిప్పులు చెల్లాచెదురవుతాయి. కట్టె మంటకు నీళ్లను మించింది లేదు.

పాప, కుక్క విషయం. పిట్ అంచు నుంచి మూడడుగుల దూరంలో చుట్టూ ఒక గీత ఉండాలి. ‘దగ్గరికి వెళ్లొద్దు’ అంటే ఐదేళ్ల పిల్లకు అర్థం కాదు, ‘దగ్గర’ అంటే ఎంతో దానికి తెలీదు. తెల్ల రాళ్లు వరసగా పేర్చి ‘ఈ రాళ్లు దాటకూడదు’ అంటే అర్థమవుతుంది. మా మనవరాలు మూడేళ్లప్పుడు ఆ రాళ్లను మించి అడుగు వేసిన మా అల్లుడిని కోప్పడింది కూడా. కుర్చీలు ఆ గీతకు బయటే. పిల్లలు పరిగెత్తే ఆటలు మంట ఉన్నంతసేపూ బంద్. కాళ్లకు బూట్లుండాలి, హవాయి చెప్పులు చాలవు. వేలాడే చున్నీలు, కొంగులు, స్కార్ఫులు ముడివేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ అయితే కాలడంతో ఆగదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పొడుగు జుట్టు కట్టేసుకోవాలి. కుక్కకు వాసన తగిలితే మీ మాట వినదు, దాన్ని పట్టెడ వేసి కట్టేయండి.

ఆ సాయంత్రానికి ఒక్కరు నిప్పుకి కాపలా అని ముందే అనుకోండి. ఆ మనిషి మందు తాగకూడదు, ఫోన్ వచ్చి లోపలికెళ్లాలంటే ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లాలి. నలుగురు పెద్దవాళ్లున్న చోట ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకుంటారు.

పొగ గురించి. పొగ ఎప్పుడూ మీ మీదికే వస్తుందని అనిపిస్తే అది భ్రమ కాదు. మంట చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది, మీరు కూర్చుని ఒక వైపు గాలికి అడ్డం పడతారు, మీ ముందు ఏర్పడ్డ ఆ ఖాళీలోకి పొగ వాలుతుంది. సరదాగా ఉన్నా, కట్టె పొగలోని 2.5 మైక్రాన్ల కన్నా చిన్న నలుసులు ఊపిరితిత్తుల లోతుకంటా పోతాయి. ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆ రోజు మానేయడమో, చిన్న మంటతో సరిపెట్టడమో చేయండి. పొగ రాని పిట్ అని అమ్మేవి రెండు గోడలవి. గోడల మధ్య గాలి వేడెక్కి పై చిల్లుల్లోంచి వచ్చి పొగను మళ్లీ కాల్చేస్తుంది. అవి పనిచేస్తాయి, కాకపోతే బయటి గోడ కూడా చుర్రుమంటుంది, పిల్లలు దాన్నే పట్టుకుంటారు.

పైకప్పు కింద వద్దన్నానే, కారణం కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మంట కన్నా పొగ లేని ఎర్రటి నిప్పులే దాన్ని ఎక్కువగా వదులుతాయి. చలిగా ఉందని మిగిలిన నిప్పుల్ని తట్టలో గదిలోకి తెచ్చుకుని, తలుపులు మూసుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్లున్నారు. వాన మొదలైందని పిట్‌ను వరండాలోకి జరపడం కూడా ఇదే. వాన పడితే ఆర్పేసి లోపలికి రండి, అంతే.

గ్యాస్ పిట్ వాడే వాళ్లకు రెండు మాటలు: ముందు అగ్గిపుల్ల, తర్వాత గ్యాస్, ఎల్పీజీ గాలి కన్నా బరువు, పల్లంలో పేరుకుంటుంది, కాబట్టి మంట ఆరిపోతే కట్టేసి ఐదు నిమిషాలు ఆగాకే మళ్లీ వెలిగించండి. పైపు జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాస్తే లీకు ఉంటే బుడగలొస్తాయి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరికైనా కాలితే: బట్టలకు అంటుకుంటే పరిగెత్తనివ్వొద్దు, ఆగి, కింద పడి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. దీన్ని పాపతో ఆటలాగా పగటిపూట రెండుసార్లు చేయించండి. కాలిన చోట ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయండి, తర్వాత వాపుకి రావు. కుళాయి కింద చల్లటి నీళ్లు, 20 నిమిషాలు, గడియారం చూసి. మనకు మూడు నిమిషాలకే పది నిమిషాలైనట్టు అనిపిస్తుంది. ఐసు వద్దు, టూత్‌పేస్టు, వెన్న, నూనె ఏవీ వద్దు. చర్మానికి అతుక్కున్న బట్టను పీకొద్దు. శుభ్రమైన పలచటి గుడ్డో, వంటింట్లో వాడే ప్లాస్టిక్ ఫిల్మో వదులుగా కప్పండి. గాయం కాలిన మనిషి అరచేతి కన్నా పెద్దదైనా, ముఖం మీద, చేతుల మీద, కీళ్ల మీద ఉన్నా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పే తెలియకపోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. చిన్నపిల్లలైతే చిన్న గాయమైనా చూపించండి.

చివరగా మీ పిట్ గురించి ఒకటి. ఇనుప పిట్‌లో వాననీళ్లూ బూడిదా కలిసి నిలిచాయంటే అడుగు తొందరగా తుప్పు పడుతుంది. వాడని రోజుల్లో బూడిద తీసేసి మూత పెట్టి ఉంచండి. అడుగున నీళ్లు పోయే చిల్లు ఉంటే అది పూడిపోలేదని చూసుకోండి. నెలకోసారి ఖాళీ పిట్‌ను తిరగేసి స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా తట్టండి. గట్టిగా మోగితే బాగుంది. ఎక్కడైనా మెత్తగా శబ్దం వచ్చి తుప్పు పొరలు రాలితే ఆ పిట్‌లో ఇంక మంట వేయొద్దు. ఆ రేకు ఊడేది పిట్ నిండా నిప్పులున్న రాత్రే.